మాస్క్ పెట్టుకోవడం నేర్పినవాళ్ళకి నా కృతజ్ఞతలు

నిద్రలో గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలిని పంపే మిషన్‌ని సీప్యాప్ అంటారు. ఇప్పుడు నేను రాత్రంతా దాని మాస్క్‌తోనే నిద్రపోతున్నాను. మిషన్ రాసిచ్చింది డాక్టరుగారు, డబ్బు పెట్టి కొన్నది మేము. దాన్ని మొహానికి తగిలించుకుని తెల్లారేదాకా పడుకోగలిగేట్టు చేసినవాళ్ళు మాత్రం వేరే ఉన్నారు. వాళ్ళలో కొందరికి తాము చేసింది ఇంత సాయమని కూడా తెలియదు. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

నేను ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. యాభై దాటాయి. కొన్నేళ్ళుగా పొద్దున లేస్తూనే తలనొప్పి, మధ్యాహ్నం పీరియడ్లో బోర్డు దగ్గర నిలబడి ఉండగానే కళ్ళు మూతలు పడటం, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి లేవడం. థైరాయిడ్ చూపించాం, రక్తం తక్కువేమోనని చూపించాం, ఈ వయసులో మామూలేనని అందరూ అన్నారు. ఆడవాళ్ళని గురక గురించి ఎవరూ అడగరు. నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే ఈ జబ్బుని స్లీప్ అప్నియా అంటారు. అది లావుగా ఉండే మగవాళ్ళకి వచ్చేదనే అభిప్రాయం ఇంకా ఉంది. ఆడవాళ్ళలో అది చాలాసార్లు అలసటగానో, తలనొప్పిగానో, నిద్ర పట్టకపోవడంగానో బయటపడుతుంది. నెలసరి ఆగిపోయాక వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ముందు కనిపెట్టింది మావారు. గురక ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, కాసేపు ఊపిరే వినపడటం లేదనీ, ఆ తర్వాత ఒక్క ఉదుటున గాలి పీల్చుకుని మళ్ళీ గురక మొదలవుతోందనీ గమనించారు. నేను నిద్రలో ఉండగా ఫోన్లో వీడియో తీశారు. "నువ్వు చూడాల్సిన పనిలేదు, డాక్టరుకి చూపిద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత రుణపడి ఉన్నానో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

గుంటూరులో మేము చూపించుకున్న ఊపిరితిత్తుల డాక్టరుగారు ఆ వీడియో మొత్తం చూశారు. బయట అంతమంది పేషెంట్లు ఉన్నా మధ్యలో ఆపలేదు. టేపుతో మెడ చుట్టుకొలత తీసుకున్నారు, నోరు తెరిపించి గొంతు చూశారు, బీపీ మాత్రలు ఎప్పటినుంచి వాడుతున్నానో అడిగారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మనకి తెలివి రాకుండానే ఇదంతా జరుగుతుంది అని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ల్యాబులో ఒక రాత్రి పడుకోబెట్టి తలకీ ఛాతీకీ కాళ్ళకీ వైర్లు పెట్టి పరీక్ష చేశారు. గంటకి సగటున 34 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని రిపోర్టు వచ్చింది. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రమైనది. "ఇన్నాళ్ళూ ఇంత నిద్రలేమితో పాఠాలు ఎట్లా చెప్పారమ్మా?" అన్నారు ఆయన. అప్పటిదాకా నన్ను బద్ధకస్తురాలని అనుకున్నవాళ్ళందరికీ ఆ మాటే జవాబనిపించింది. నమస్కారం డాక్టరుగారూ.

ఇక అసలు విషయం. మిషన్ ఇంటికొచ్చాక మొదటి రాత్రులు చాలా కష్టం. మొహం మీద ఏదో కప్పేసినట్టు భయం. కరెంటు పోతే ఊపిరాడదేమోనని మరో భయం. అర్ధరాత్రి ఎప్పుడో మాస్క్ పీకి పక్కన పడేస్తున్నాను, తీసిన సంగతి పొద్దున్నే తెలుస్తోంది. చాలామంది మిషన్ని అటకెక్కించేది ఈ దశలోనేనట. నన్ను ఆ దశ దాటించింది ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ అమ్మాయి. ఆదివారం సెలవు రోజున కూడా ఫోనెత్తింది. "మేడమ్, ఒకసారి రండి, కలిసి చూద్దాం" అంది.

వెళ్ళాక నన్ను కుర్చీలో కాదు, మంచం మీద పడుకోబెట్టింది. కూర్చున్నప్పుడు సరిపోయిన మాస్క్ పడుకుంటే సరిపోదట, చెంపలు పక్కకి జారి మొహం ఆకారం మారుతుందట. మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా పట్టీలు వదులు చేసి, మాస్క్‌ని మొహం నుంచి కొంచెం పైకి లాగి మళ్ళీ వదిలింది. సిలికాన్ అంచు గాలికి ఉబ్బి తనంతట తనే చర్మాన్ని పట్టుకుంది. లీకవుతోందని పట్టీ బిగిస్తే ఆ అంచు నలిగి లీకు ఇంకా పెరుగుతుందని అప్పుడు అర్థమైంది. మాస్క్ ముందు చిన్న రంధ్రాల్లోంచి వచ్చే సుయ్యిమనే చప్పుడు లీకు కాదు, మనం వదిలిన గాలి బయటికి పోయే దారి. దాన్ని ఎప్పుడూ మూయకూడదు. తర్వాత నాకు చెప్పి మరీ మిషన్ ఆపేసింది. "ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. నోరు తెరవండి మేడమ్." తెరిచాను. ఊపిరి ఆడింది. నాది ముక్కు వరకే ఉండే మాస్క్. నోరు కూడా కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ అయితే గాలి ఆగగానే తెరుచుకునే వాల్వు ఉంటుందని అది కూడా తెచ్చి చూపించింది. ఆ భయం ఆ రోజుతో పోయింది.

ముక్కుపుడకని కూడా కనిపెట్టింది ఆ అమ్మాయే. ఎడమవైపే ఎందుకు లీకవుతోందో ఎవరికీ అంతు చిక్కలేదు. రాళ్ళ ముక్కుపుడక మాస్క్ అంచుని పైకి లేపుతోంది. రాత్రిపూట తీసేయమని చెప్పడానికి తను మొహమాటపడింది. ఇంట్లో ఈ మాట ఎట్లా ఎత్తాలా అని నేనూ సంకోచించాను. మా అత్తయ్యకి ఎనభై దాటాయి, ముత్తైదువు ముక్కు బోసిగా ఉండకూడదనే మనిషి. విషయం విని ఒక్క క్షణం ఆలోచించి, "తీసేయడమెందుకే, పల్చటిది చేయిద్దాం" అంది. మర్నాడే కంసాలి దగ్గరికి తనే బయల్దేరింది. చర్మానికి ఆనుకుపోయే చిన్న బంగారు చుక్కలాంటి పుడక చేయించింది. దానితో లీకు ఆగిపోయింది. పడుకునే ముందు మొహానికి నూనె, క్రీము రాసుకోవద్దనీ, జిడ్డుకి మాస్క్ జారుతుందనీ టెక్నీషియన్ చెబితే, రోజూ గుర్తుచేసే పని కూడా అత్తయ్యే తీసుకుంది. అత్తయ్యా, మీకు నేనేం చెప్పగలను!

మా వీధి చివర ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారున్నారు. అందరికీ మాస్టారు. ఆయన చాలా ఏళ్ళుగా సీప్యాప్ వాడుతున్నారని నాకు మిషన్ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మావారు మాటల్లో చెబితే, ఆ సాయంత్రమే మాస్టారూ, పిన్నిగారూ మా ఇంటికొచ్చారు. పొడుగాటి గాజు గ్లాసు నిండా నీళ్ళు తెమ్మన్నారు. స్ట్రాని పది సెంటీమీటర్ల లోతుకి ముంచి, "ఊదమ్మా" అన్నారు. బుడగలు రావడం మొదలైంది. "ఇదే నీ ప్రెషర్ పది. మిషన్ ఇచ్చేది ఈ మాత్రం గాలే. దీనికా భయం?" సెంటీమీటర్ల నీటి మట్టం అని రిపోర్టులో రాసింది నాకు అప్పటిదాకా అంకెగానే తెలుసు. ఊది చూశాక మనసు కుదుటపడింది.

ఆయనే చెప్పారు, 1981లో సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివన్ బృందం ఈ వైద్యాన్ని లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిందని. అంతకుముందు తీవ్రమైన అప్నియాకి గట్టిగా పనిచేసే దారి మెడ దగ్గర గొంతుకి రంధ్రం చేయడమేనట. నేను విసుక్కున్న మాస్క్ స్థానంలో ఒకప్పుడు కత్తి ఉండేదన్నమాట. ఎన్నడూ చూడని ఆ డాక్టరుగారికీ ఒక దండం.

మాస్టారు నాకు పెట్టిన పని చిన్నదే. సాయంత్రం టీవీ చూస్తూ, మెలకువగా, కాసేపు మాస్క్ పెట్టుకుని కూర్చోవాలి. నిద్రపోవాలన్న ఒత్తిడి ఉండకూడదు. పిన్నిగారు వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు, నేను చేత్తో జవాబు చెప్పేదాన్ని. అట్లా మొహానికి మాస్క్ అలవాటైంది. పడుకోగానే గాలి చాలనట్టు ఉంటోందని చెబితే, "మొదలయ్యే ప్రెషర్ మరీ తక్కువేమో, నువ్వు ముట్టుకోకుండా డాక్టరుని అడుగు" అన్నారు. అడిగితే డాక్టరుగారు 4 నుంచి 6కి పెంచారు. ఆ ఉక్కిరిబిక్కిరి తగ్గింది. పొట్టలోకి గాలి పోయి ఉబ్బరంగా ఉన్నప్పుడు కూడా అట్లాగే అడిగి ప్రెషర్ పై హద్దు కొంచెం తగ్గించుకున్నాను. మధ్యాహ్నం కునుకు తీసినా మాస్క్ ఉండాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. "గొంతుకి పగలూ రాత్రీ తెలియదమ్మా" అన్నారు.

ఇంకా ఎంతమందో. మా బెడ్‌రూమ్ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లాగి పైసా పుచ్చుకోని ఎలక్ట్రీషియన్ బాబు. ఏసీ చల్లదనానికి ట్యూబులో ఆవిరి నీళ్ళై గుడగుడమంటోందంటే, హైదరాబాద్ నుంచి వచ్చి పాత నూలు చీరతో ట్యూబు పొడుగునా తొడుగు కుట్టిన మా అమ్మాయి. మా బోరు నీళ్ళు పోస్తే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్లో తెల్లటి పొర కడుతుందని ముందే హెచ్చరించి, డిస్టిల్డ్ వాటర్ సీసాలు నా కోసం తెప్పించి ఉంచే మెడికల్ షాపాయన. భోజనాల తర్వాతి పీరియడ్ తను తీసుకుని నాకు పొద్దుటి పీరియడ్ ఇచ్చిన మా తెలుగు టీచరు.

వీళ్ళందరిలో మా తోడికోడలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చీరాలలో వాళ్ళ అబ్బాయి పెళ్ళి. ఆడవాళ్ళందరం కల్యాణమండపంలో ఒకే హాల్లో పడుకోవాలి. ఒక్క రాత్రి మాస్క్ లేకపోతే ఏమవుతుందిలే అని మిషన్ని కారులోనే ఉంచాను. అంత పెళ్ళి హడావుడిలో తను నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అక్కా, మిషన్ ఏదీ?" అంది. కారు తాళం తీసుకుని తనే తెచ్చింది. గోడవారగా ప్లగ్గు పక్కన నాకు చాప పరిపించి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టించింది. పిల్లలు మూగి అదేంటని అడిగితే, "పెద్దమ్మకి ఊపిరాడ్డానికి డాక్టరిచ్చిన మిషన్. వైరు తొక్కకుండా అవతల ఆడుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది. అంతే. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. పెళ్ళికొడుకు తల్లికి ఆ రాత్రి ఎన్ని పనులుంటాయో అందరికీ తెలుసు. అందులో నా నిద్ర కూడా ఒక పనిగా పెట్టుకుంది. చెల్లీ, ఇది నేను మర్చిపోను.

గంటకి 34 సార్లు అని రిపోర్టులో వచ్చిన ఆ అంకె ఇప్పుడు మిషన్‌లో 3 చుట్టూ ఉంటోంది. పొద్దుటి తలనొప్పి లేదు, రాత్రి లేవడం దాదాపు పోయింది. బీపీ మాత్ర అట్లాగే ఉంది, దాని సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. మాస్క్ నిలిచిన తొలిరోజుల్లో విపరీతంగా కలలొచ్చాయి. అన్నాళ్ళూ తెగిపోతూ వచ్చిన కలల నిద్రని శరీరం తిరిగి రాబట్టుకుంటుందట. చిన్నప్పటి మా ఊరి చెరువూ, మా నాన్నా కనిపించారు. ఎన్నో ఏళ్ళ తర్వాత నాన్న గొంతు విన్నాను.

మా తమ్ముడు లారీ నడుపుతాడు. రాత్రి డ్రైవింగే ఎక్కువ. పెళ్ళిలో మగవాళ్ళ వైపు పడుకుని, వాడి గురకకి ఎవరినీ నిద్రపోనివ్వలేదని తెల్లారి అందరూ నవ్వుతుంటే, నా పక్కకొచ్చి మిషన్ని ఎత్తి చూసి, "నాకూ స్టీరింగ్ మీద కళ్ళు మూతలు పడుతున్నాయక్కా" అని నెమ్మదిగా అన్నాడు. లైసెన్సుకి ఏమన్నా అవుతుందేమోనని వాడి భయం. అయినా ఒప్పించాం. వచ్చేవారం గుంటూరులో పరీక్ష. రిపోర్టు రాగానే వాణ్ణి మీ ఇంటికే తీసుకొస్తాను మాస్టారూ. గ్లాసూ స్ట్రా నేనే తెస్తాను. పిన్నిగారిని కాసేపు వాడి పక్కన కూర్చోమని నా మాటగా చెప్పండి.