మాయను లాగొద్దు
ఈనిన ఆవుకు మాయ (కడుపులో దూడను చుట్టి ఉండే పొర) పడకపోతే వేలాడే కొసకు రాయో పాత చెప్పో కట్టడం, చెయ్యి పెట్టి లాగేయడం మా పల్లెల్లో ఇంకా ఆగలేదు. మామూలుగా 8 నుంచి 12 గంటల్లో అదే పడుతుంది, పడలేదని బలవంతంగా లాగితే ముక్కలు లోపలే ఉండిపోయి గర్భసంచికి చీము పడుతుంది, తర్వాత ఆవు ఎదకు రాక, వచ్చినా చూలు నిలవక రైతు లబోదిబోమంటాడు. మొన్న మా వీధిలో ఒక ఆవు తోకంతా చీముతో తడిసి మేత ముట్టకుండా నిలబడింది, లాగినాయన మాత్రం డబ్బులు తీసుకుని చక్కా పోయాడు. 12 గంటలు దాటితే డాక్టర్‌ను పిలవాలి, జ్వరం 103 డిగ్రీలు దాటితే అస్సలు ఆగకూడదు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని ఎంతమందికి తెలుసు? ఆ నంబరు, ఈ జాగ్రత్తలు ప్రతి పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి, మాయ నిలిచిపోయే ముప్పు తగ్గేలా చూడి ఆవులకు ఖనిజ లవణ మిశ్రమం కూడా అక్కడే సబ్సిడీపై ఇవ్వాలి.
– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా