గరివిడి దారిలో మా ట్రాక్టర్ దగ్గర ఆగిన అన్నకు

ఉభాలకి, అంటే వరి నాట్లకి, కూలీలు వచ్చేశారు, మడి దమ్ము ఇంకా సగంలోనే ఉంది, చీపురుపల్లి నుంచి గరివిడి వెళ్లే రోడ్డు పక్కన మా నాన్న కొన్న పాత ట్రాక్టర్ తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోంది. టెన్షన్‌తో నాకు చేతులు ఆడలేదు. చూసినవాళ్లంతా బ్యాటరీ పోయిందనో, ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ మోటార్ కాలిపోయిందనో అన్నారు.

అన్నా, మీరు బండి ఆపి, ప్యాంటు మడిచి బురదలోకి దిగిపోయారు. సంచిలోంచి మీటర్ తీసి పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగానే ఉంది. అప్పుడు నన్ను తాళం తిప్పమని, మీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ ఇనుముకి ఆనించారు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన ముల్లు ఎగిరి కూర్చుంది. బ్యాటరీ నెగెటివ్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ కేబుల్ బిగించిన చోటంతా తుప్పే! టక్కుమనడానికి కొంచెం కరెంటు చాలు, సెల్ఫ్ తిరగాలంటే వందల ఆంపియర్లు కావాలని చెబుతూనే బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దారు. ఆ తర్వాత మీటర్ నా చేతిలో పెట్టి, "ఈసారి నువ్వు చూడు బాబూ" అని మొదటి నుంచి నాతోనే చేయించారు. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి!

బండి ఒక్క దెబ్బకి అందుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు, పేరు అడిగితే నవ్వి వెళ్లిపోయారు. సాయంత్రానికి దమ్ము అయిపోయింది, మర్నాడు నాట్లు పడ్డాయి. మీకు చాలా చాలా కృతజ్ఞతలు అన్నా, మళ్లీ ఈ దారిన వస్తే మా ఇంట్లో భోజనం చేసి వెళ్లాలి.