షెడ్డు దాకా చేరని శిక్షణ

సంపాదకుడు గారికి,

అయ్యా,

పందుల పెంపకందారులకు నిర్వహణపై ఇచ్చిన మూడు రోజుల శిక్షణ విజయవంతంగా ముగిసిందని, పది రోజుల క్రితం మీ పత్రిక లోపలి పేజీలో వేదిక మీది పెద్దల ఛాయాచిత్రంతో సహా ఒక వార్త వచ్చింది. ఆ మూడు రోజులూ ముందు వరుసలో కూర్చుని విన్నవారిలో నేనూ ఒకడిని కనుక, ఆ వార్తలో లేని సంగతులు కొన్ని రాయక తప్పడం లేదు. జాతుల గురించి చెప్పారు, దాణాలో మాంసకృత్తుల శాతం చెప్పారు, రుణానికి ఏయే కాగితాలు జతపరచాలో మరింత శ్రద్ధగా చెప్పారు. ఆ దాణాను తొట్టిలో పోసే మనిషికి పని ఎలా అప్పగించాలో, అప్పగించింది అతనికి అర్థమైందో లేదో ఎలా కనిపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను లేచి అడిగితే, “అది మీరే చూసుకోవాలి” అని నవ్వి కూర్చోబెట్టారు.

చూసుకోవడం అంటే ఏమిటో నాకు కొంత అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి, అప్పుడే ఈనిన పందిని కొత్తగా పనిలో చేరిన కుర్రవాడికి అప్పగించి, “చూసుకో” అన్న ఒక్క మాటతో నేను వెళ్లి పడుకున్నాను. అతడు నిజంగానే రాత్రంతా మేలుకొని చూశాడు. తల్లి రొప్పుతున్నదని జాలిపడి, పిల్లల మీద వేలాడదీసిన వేడి దీపాన్ని ఆర్పేశాడు. తల్లిపందికి 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, అప్పుడే పుట్టిన పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వేడి లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది, అందువల్ల ఒకే గదిలో రెండు వాతావరణాలు ఉండాలి అన్న సంగతి అతనికి ఎవరు చెప్పారు గనుక? చలికి పిల్లలు తల్లి పొట్ట కిందికి దూరాయి, తల్లి పక్కకు ఒరిగింది, తెల్లవారేసరికి పదకొండింటిలో నాలుగు నలిగి చచ్చిపోయి ఉన్నాయి. ఆ పొద్దున నేను తిట్టిన తిట్లు తలచుకుంటే ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది.

నెల తిరగకముందే అతడు పని మానేశాడు. ఏ పందిని ఏనాడు దాటించామో, అంటే మగపందితో కలిపామో, ఆ లెక్కంతా అతని తలలోనే ఉండటంతో, అదీ అతనితోపాటే వెళ్లిపోయింది. పంది చూలు సుమారు 114 రోజులు, అంటే మూడు నెలల మూడు వారాల మూడు రోజులని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ దాటించిన తేదీయే తెలియనప్పుడు ఈనే రోజుకు గది సిద్ధం చేసేదెలా? ఎద ఒకసారి గమనించకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి, ఆ 21 రోజుల మేతా దండగే. గోడకు ఒక బోర్డు, పక్కన ఒక సుద్దముక్క ఉంటే తీరే నష్టం ఇది. ఆ బోర్డు మీద ఏం రాయాలో, ఎవరు రాయాలో నేర్పడాన్ని మన శిక్షకులు నిర్వహణ కింద లెక్కించినట్లు లేదు.

పందులను బెదిరిస్తూ, కొడుతూ తోలే చోట వాటి ఎదుగుదలా, ఈతలూ దెబ్బతింటాయని ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్ వంటి శాస్త్రవేత్తలు 1980ల నుంచే పరిశోధించి చూపారు. పనివారికి తగిన శిక్షణ ఇస్తే ఆ తీరు మారుతుందని కూడా చూపారు. రోగాల సంగతి చెప్పనే అక్కర లేదు. 2001లో బ్రిటన్‌ను వణికించిన గాలికుంటు వ్యాధి, సరిగా ఉడకబెట్టని ఎంగిలి వ్యర్థాలను మేపిన ఒక పందుల ఫారం దగ్గర మొదలైందని విచారణలో తేలింది. దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. మందు లేని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా ఎంగిలి మాంసం ద్వారా, బూట్లకు అంటిన పెంట ద్వారా షెడ్డులోకి వచ్చేస్తుంది. వాకిట్లో మందునీళ్ల తొట్టి పెట్టించమని యజమానికి చెబుతారు, పెట్టిస్తాడు. పెంట అంటిన బూటును ముందు కడగకుండా అందులో ముంచితే ఆ మందు పనిచేయదని, రోజుకు పదిసార్లు ఆ తొట్టి దాటే మనిషికి ఎవరూ చెప్పరు.

తప్పంతా అధికారులదేనని నేను అనడం లేదు. “పనివాణ్ణి శిక్షణకు పంపితే ఆనాటి పని ఎవరు చేస్తారు, నేర్చుకున్నాక పక్క ఫారానికి పోడా” అని మాలో చాలామంది అంటారు. పనివారు పోయేది కూలి చాలక, సెలవు దొరకక. తెలివి ఎక్కువై కాదు. అయితే శిక్షణలన్నీ ఆర్థిక సంవత్సరం చివరి వారాల్లోనే ఎందుకు గుర్తుకొస్తాయో, ఎంతమంది వచ్చారన్న లెక్క తప్ప ఏం నేర్చుకున్నారన్న లెక్క ఏ నివేదికలోనూ ఎందుకు ఉండదో అధికారులే చెప్పాలి. మేత వేళలకు మధ్య గంటసేపు, షెడ్డులోనే, బతికి ఉన్న పంది పక్కన నిలబడి చెప్పగలిగినదానికి చల్లని హాలూ, తెర మీద బొమ్మలూ దేనికి?

తరువాతి విడత శిక్షణకు నా దగ్గర పనిచేసే ఇద్దరి పేర్లూ నేనే రాసి పంపాను. దరఖాస్తులో “సొంత పందుల సంఖ్య” అన్న గడి ఖాళీగా ఉన్నదని, నిన్న ఆ రెండింటినీ తిప్పి పంపించారు.

ఇట్లు,
ఒక పందుల పెంపకందారు