జాతీయ ఉద్యానవనం సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

మీ ఉద్యానవనంలో రోజంతా కారులో తిరిగాం. కొండలు, లోయలు కన్నుల పండువే, కాదనను. కానీ జింక కనబడగానే ముందు కారు నడిరోడ్డు మీదే ఆగిపోయింది. వెనుక బారులు తీరిన కార్లలో ఇంజను ఆపినవారు లేరు. ఒకాయన కిటికీలోంచి సగం వంగి బిస్కెట్ విసిరాడు. జింక వాసన చూసి, తినేసి, నేరుగా తర్వాతి కారు దగ్గరికి నడిచింది. అలవాటైపోయిందన్నమాట!

అమెరికాలోని జయాన్ జాతీయ ఉద్యానవనపు లోయలో 2000 నుంచి సందర్శకులను అటూ ఇటూ తిప్పే షటిల్ బస్సులు నడుస్తున్నాయి. అవి తిరిగే కాలంలో ఆ దారిలోకి సందర్శకుల సొంత కార్లను సాధారణంగా రానివ్వరు. మీరు కనీసం సెలవు రోజుల్లోనైనా ఆ పని చేయండి. టికెట్టు వెనుక చీమ తలంత అక్షరాల్లో నిబంధనలు అచ్చువేస్తే చదివేదెవరు? వాటిని రోడ్డు పక్కన పెద్ద బోర్డుల మీద రాయించండి.

ఇట్లు,
ఒక సందర్శకుడు