ఈ ఏడు మన సంఘం ఏం చేసింది: ఆదివారం సోషల్ క్లాసు, మరికొన్ని సంగతులు

సభ్యులందరికీ నమస్కారం. లెక్కల కాగితం విడిగా ఇస్తున్నాం, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు చదువుతారు, అడగాల్సినవి అక్కడే అడగండి. ఉగాది, కార్తీక వనభోజనాలు, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి ఎప్పట్లాగే జరిగాయి. వనభోజనాల్లో పులిహోర చాల్లేదన్న మాట నిజమే. పేర్లు ముందే ఇస్తే ఆ గొడవ ఉండదు.

ఈసారి ఎక్కువ రాయాల్సింది ఆదివారం సోషల్ క్లాసు గురించి. మన పర్లాకిమిడి పిల్లలు బళ్ళో ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చరిత్ర మాత్రం ఏ భాషలోనైనా బట్టీయే పడతారు. సభ్యులిచ్చిన పాత కంప్యూటర్లు నాలుగుంటే, వాటితో ఏదైనా చేద్దామని మొదలుపెట్టాం. మొదటి రెండు నెలలు దండగ, ఒప్పేసుకుంటున్నాం. ప్రొజెక్టర్ పెట్టి బొమ్మలు చూపించాం, పిల్లలు సినిమాకి వచ్చినట్టు వచ్చి వెళ్ళారు. స్లైడ్లు చెయ్యమంటే వి.వి. గిరి గారి ఫోటో గిరగిరా తిరుగుతూ వచ్చేలా చేశాడొక అబ్బాయి. ఆయన ఎక్కడ పుట్టారురా అంటే తెలీదు. పక్కనున్న బరంపురంలోనే!

దారి మారింది ఒక తప్పు వల్ల. మనూరికి సంబంధించిన తేదీలు స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి వరసలో పెట్టమన్నాం. గిడుగు వారి జననం 1863 ఆగస్టు 29, ఒడిశా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1, గిడుగు వారి మరణం 1940 జనవరి 22. బటన్ నొక్కితే ఆయన చనిపోయాక పుట్టినట్టు వచ్చింది! పిల్లలు పడీ పడీ నవ్వారు. సంగతేమిటంటే మేం వాడిన ప్రోగ్రాంకి తేదీలు 1900 జనవరి 1 నుంచే మొదలు, అంతకు ముందుదేది రాసినా దాన్ని తేదీ అనుకోదు, ఉత్త అక్షరాలనుకుని అట్టడుక్కి తోసేస్తుంది. మరి మన చరిత్రలో ముప్పాతిక వంతు 1900కి ముందుదే కదా. సంవత్సరానికి వేరే గడి పెట్టి అంకె మాత్రం వెయ్యమన్నాం, క్రీస్తు పూర్వం అయితే ముందు మైనస్ గుర్తు. కళింగ యుద్ధం మైనస్ 261 అయి బుద్ధిగా పైకెళ్ళి కూర్చుంది. కంప్యూటర్ చెప్పినదాన్ని కూడా సరిచూసుకోవాలని మేం వేరే చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత మ్యాపులు. బ్రిటిష్ కాలం నాటి మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపు స్కాన్ నెట్‌లో దొరుకుతుంది. దాన్ని గూగుల్ ఎర్త్ మీద పల్చగా పరిచి, సముద్రపు ఒడ్డు, మహేంద్రగిరి కలిసేదాకా జరపడం పని. మూడు ఆదివారాలు పట్టింది, కరెంటు పోవడం వల్ల ఒకటి, పిల్లల తగువుల వల్ల రెండు. కానీ కలిశాక చూడాలి వాళ్ళ మొహాలు. ఆ మ్యాపులో శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోనే ఉంది. 1936లో పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోసి మనూరిని ఒడిశాలో కలిపి, పక్కనే ఉన్న పాతపట్నాన్ని మద్రాసుకి వదిలేశారు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. "అయితే మా అమ్మమ్మ వాళ్ళదీ మనదీ ఒకటే జిల్లానా" అని పాతపట్నం అమ్మమ్మ గారున్న పిల్ల అడిగింది. ఇప్పుడు మనూరున్న గజపతి జిల్లా 1992లో వచ్చిందని, అది వాళ్ళ నాన్న కంటే చిన్నదని ఇంకొకడు లెక్క కట్టాడు. గిడుగు వారు 1936లో ఊరు విడిచి రాజమండ్రి ఎందుకెళ్ళిపోయారో ఆ రోజు ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

మాకే తెలియని సంగతి ఒకటి పిల్లలు పట్టుకున్నారు. నెట్ లేకుండా వికీపీడియా చదువుకోవడానికి కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నాలుగు కంప్యూటర్లలోనూ పెట్టాం. అశోకుడు రాళ్ళ మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో, కళింగలో జరిగిన చావులకి ఆయన బాధపడ్డది పదమూడోది. మన గంజాంలోని జౌగడ రాతి మీద అది ఉండాలి కదా అని వెతికారు. లేదు! కళింగ నేల మీదున్న జౌగడలోనూ ధౌళిలోనూ 11, 12, 13 వదిలేసి, "మనుషులందరూ నా బిడ్డలే" అన్న వేరే శాసనాలు చెక్కించాడు. ఆ పదమూడోది మన తెలుగు నేల మీద, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. ఓడిపోయినవాళ్ళ ముందు ఆ మాట ఎందుకు చెప్పలేదు అని గంటసేపు వాదించుకున్నారు, మాస్టారు మధ్యలోకి వెళ్ళలేదు, అదే మంచిదైంది.

తెలుగు టైపింగ్ సులువుగానే వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒడియా 'క' ఏ మీట మీద ఉంటుందో తెలుగు 'క' కూడా అక్కడే, కాబట్టి బళ్ళో ఒడియా టైపు నేర్చినవాళ్ళు భాష మార్చుకుని కొట్టేస్తున్నారు. అక్షరాలు చదవడమే ఇంకా తడబాటు.

కరెంటు కోసం కొన్న ఇన్వర్టర్ బ్యాటరీ వేసవి దాటకుండానే చచ్చింది, అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు. ఈసారి కొనేముందు ఆ పని తెలిసిన సభ్యులెవరైనా తోడు రండి.

వచ్చే ఏడు పాత లైట్ రైల్వే మీద చేయిద్దామనుకుంటున్నాం. నౌపడా నుంచి మనూరికి 1900లో వచ్చిన ఆ చిన్న బండిని 2004లో ఆపేశారు, ఎక్కినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పిల్లలు ఫోన్లో రికార్డు చేసుకోవడానికి ఇంటికొస్తారు, కాస్త ఓపిగ్గా చెప్పండి. అలాగే పాత శుభలేఖలు, పన్ను రసీదులు, ఉత్తరాల కవర్లు, ముఖ్యంగా మనూరి పేరు పక్కన మద్రాసు అని ఉన్నవి ఇంట్లో దొరికితే తీసుకురండి. స్కాన్ చేసి అదే రోజు మీ చేతికే ఇచ్చేస్తాం.