గూడేనికి సర్పంచ్ కుర్చీ ఒక్కటే చాలదు

రాష్ట్ర పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీకి మైదాన ప్రాంతాల నుంచీ, మహారాష్ట్ర నుంచీ దశాబ్దాలుగా సాగిన వలసల వల్ల భూములు చేతులు మారడమే కాదు, పంచాయతీలో ఎవరి మాట చెల్లాలన్నదీ మారిపోయింది. భూమి గోడు పాలకులకు కొత్త కాదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అందుకే వచ్చింది, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పుల వెనకా ఆ గోడే ఉంది. ఓటు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. 1/70 భూబదలాయింపును అడ్డుకుంటుంది గానీ వచ్చి స్థిరపడినవారు ఓటర్లు కావడాన్ని అడ్డుకోదు, అడ్డుకోవాలని నేను అడగడమూ లేదు. ఇక్కడే పుట్టిన వారి పిల్లలకు ఇదే సొంతూరు.

షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ పాలనను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అక్కడి సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే కేటాయించింది. అయితే రోడ్డు పక్క పెద్ద ఊరూ, చుట్టుపక్కల గూడేలూ ఒకే పంచాయతీగా ఉండి, గిరిజనేతరుల ఓట్లే ఎక్కువైన చోట, ఏ గిరిజనుడు గెలవాలో తేల్చేది వారే. ఉప సర్పంచ్ పదవికి ఆ రిజర్వేషన్ కూడా లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఉప సర్పంచ్‌కూ చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కులపై సర్పంచ్‌తో కలిసి సంతకం చేసే అధికారం వచ్చింది కనుక, ఆయన సంతకం పడనిదే గూడెంలో చేతిపంపు మరమ్మతు బిల్లు కూడా కదలదు.

ఎస్టీల మధ్యనే ఉన్న చిక్కు ఇంకొకటి. 1976 సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు, అదే తెగకు చెందిన మహారాష్ట్ర బంజారాలు ఆ రాష్ట్ర ఎస్టీ జాబితాలో లేరు. అక్కడి నుంచి వలస వచ్చినవారు ఇక్కడ ఎస్టీలవుతారా అన్న వివాదం 2017 డిసెంబరులో ఉట్నూరు ఘర్షణల దాకా వెళ్లింది. తరాలుగా ఇక్కడున్న లంబాడాలను అనుమానించడం అన్యాయం. ఒక్కొక్కరి ధ్రువపత్రం చూసి తహసీల్దారు తేల్చవలసిన వ్యవహారాన్ని తెగల తగవుగా చూడటం అంతకన్నా అన్యాయం.

2018లో ఎన్నో గూడేలు, తండాలు పంచాయతీలయ్యాయి, మంచిదే. కాని పెద్ద ఊళ్లకు అతికి ఉండిపోయిన గూడేలకు దిక్కు పెసా గ్రామసభే. ఆవాసం స్థాయిలోనే గ్రామసభ పెట్టుకోవచ్చనీ, పంచాయతీ ఖర్చుకు ఆ సభే వినియోగ ధ్రువీకరణ ఇవ్వాలనీ చట్టం చెబుతోంది. కార్యదర్శి రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటే అది సభ కాదు. గోండి, కొలామీ భాషల్లో ఖర్చులు చదివి వినిపించి, గూడెం ధ్రువీకరించాకే తర్వాతి విడత నిధులు వదలాలని ఉత్తర్వులివ్వండి. ఉప సర్పంచ్ గిరిజనేతరుడైన చోట రెండో సంతకాన్ని గిరిజన వార్డు సభ్యుల్లో ఒకరికి అప్పగించేలా నిబంధనలు సవరించండి.

ఇట్లు,
ఉట్నూరు ఏజెన్సీ ఓటరు