నేల విడిచిన సాము కాదు ‘స్లామ్ డంక్’

సంపాదకులకు నమస్కారం.

మీ పిల్లల పేజీలో జపాన్ బాస్కెట్‌బాల్ బొమ్మల కథ ‘స్లామ్ డంక్’ గురించి నాలుగు ముక్కలు వేశారు, సంతోషం. అయితే దాన్ని గాల్లోకి ఎగిరి రింగు పట్టుకుని వేలాడే కుర్రాడి కథగా తేల్చేశారు. పక్కన వేసిన బొమ్మా అదే. పేరు చూసి అలా అనుకోవడం సహజమే కానీ, ఆ కథలో హీరోకు చాలాకాలం పట్టుబడని విద్య ఏదైనా ఉందంటే అది మ్యాచ్‌లో తీరుగా డంక్ కొట్టడమే, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి కుక్కడమే. ప్రయత్నించి ఫౌల్ అయి కూర్చుంటాడు. మొదటిసారైతే బంతిని రింగులో కాదు, ఎదుటివాడి నెత్తిన కొడతాడు. ఆ పుస్తకం నేర్పేది రీబౌండ్, అంటే గురి తప్పి రింగుకో బోర్డుకో తగిలి వచ్చే బంతిని అందుకోవడం. కర్నూలులో సాయంత్రం పూట బంతి పట్టుకుని గ్రౌండుకు వచ్చే పిల్లలకు అక్కరకొచ్చేదీ అదే.

తకెహికో ఇనౌఎ ఈ కథను 1990 నుంచి 1996 వరకు ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వారం వారం గీశాడు. 276 అధ్యాయాలు, 31 సంపుటాలు. కనగావా ప్రాంతంలోని షొహొకు హైస్కూల్ జట్టు కథ. హనమిచి సకురాగి అనే ఎర్రజుట్టు కుర్రాడు, 189 సెంటీమీటర్ల పొడవు, కొట్లాటల్లో ఘనుడు, ఒక అమ్మాయి కోసం ఆటలోకి వస్తాడు. బంతి ముట్టి ఎరగడు. జట్టులో చేర్చుకున్నాక కెప్టెన్ అకాగి వాడికి అప్పగించిన పని కోర్టు మూలన నిలబడి డ్రిబ్లింగ్ చేయడం. పక్కన తోటివాళ్లు షాట్లు వేస్తుంటే వీడు రోజుల తరబడి బంతి నేలకు కొడుతుంటాడు. విసుగొచ్చి అలిగి వెళ్లిపోయి మళ్లీ వస్తాడు కూడా. మన పీఈటీ సార్లకు ఈ వరస కొత్తేమీ కాదు. వారం తిరక్కుండానే షాట్ ఎప్పుడు నేర్పిస్తారు సార్ అని అడగని పిల్లవాడు ఏ బడిలో ఉన్నాడు?

డంక్ లెక్క ఒకసారి చూద్దాం. రింగు ఎత్తు 3.05 మీటర్లు. బంతిని పైనుంచి తోయాలంటే చెయ్యి రింగును దాటి కనీసం మరో 15 సెంటీమీటర్లు పైకి పోవాలి. అంటే 3.20 మీటర్లు. 170 సెంటీమీటర్ల పొడవున్న కుర్రాడు నిలబడి చెయ్యెత్తితే సుమారు 2.20 మీటర్లు అందుతుంది. మిగిలిన మీటరు ఎగిరి పూడ్చాలి. ఇంటర్ చదివే పిల్లల్లో అంత ఎగరగలిగినవాళ్లు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కకే వస్తారు. బెంచీ ఎక్కి రింగుకు వేలాడితే వంగేది రింగు, ఊడేది బోర్డు బోల్టులు. బోల్టు వదులైన బోర్డుకు తగిలిన బంతి చచ్చినట్టు కింద పడుతుంది, ఆ తర్వాత ఆ బోర్డు మీద లే-అప్ (పరుగున రింగు దగ్గరికొచ్చి ఎగిరి, బోర్డుకు ఆన్చి బంతి వేయడం) నేర్పడం ఎవరి తరమూ కాదు.

ఇక రీబౌండ్. ర్యోనాన్ జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్‌కు ముందు అకాగి సకురాగికి దీన్ని నేర్పుతాడు. రీబౌండ్‌ను గెలిచినవాడు ఆటను గెలుస్తాడన్నది అక్కడ చెప్పిన మాటే. పుస్తకంలో స్క్రీన్ అవుట్ అంటారు, మనం బాక్స్ అవుట్ అంటాం. ఎవరైనా షాట్ వేయగానే తల ఎత్తి బంతిని చూడటం అందరూ చేసే మొదటి తప్పు. బంతి ఎలాగూ కిందికే వస్తుంది, మధ్యలో మాయమైపోయేది మీ పక్కనున్న ఎదుటి జట్టువాడు. ముందు వాడెక్కడున్నాడో చూడాలి. వాడి వైపు ఒక అడుగు వేసి, ఆ కాలి మీదే వెనక్కి తిరిగి, వీపు వాడి రొమ్ముకు ఆనేలా నిలబడాలి. పాదాలు భుజాల కంటే వెడల్పు, మోకాళ్లు వంచి నడుము దించాలి, మోచేతులు భుజాల ఎత్తున పక్కలకు తెరిచి ఉంచాలి. మోచేతులు అక్కడ ఉండవచ్చు, ఊపకూడదు. చేత్తో వెనక్కి తోస్తే ఫౌలే. కాళ్లు నిటారుగా పెట్టి నిలబడినవాణ్ణి చిన్న పిల్లవాడైనా ఇట్టే జరిపేస్తాడు. కబడ్డీ ఆడిన పిల్లలకు నడుము కిందికి పెట్టే అలవాటు ముందే ఉంటుంది కాబట్టి వాళ్లు దీన్ని తొందరగా అందుకుంటారు.

నిలబడే చోటు కూడా ముఖ్యం. సరిగ్గా రింగు కిందికి దూరితే బంతి నెత్తి మీదుగా వెనక్కి పోతుంది. ఒక పక్కనుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువసార్లు ఎదుటి పక్కకే పడుతుంది. దూరం నుంచి వేసింది దూరంగా పడుతుంది. ఆ బొమ్మల్లో ఉన్నవి లోపలి హాళ్లు, చెక్క నేల, మంచి రింగులు. మన బళ్లలో రింగు బోర్డుకు గట్టిగా బిగించిన ఇనప చుట్టు, దానికి వలా ఉండదు. అలాంటి రింగుకు తగిలిన బంతి ఇంకో అడుగు దూరం ఎగురుతుంది, కాబట్టి అర అడుగు వెనక్కే నిలబడటం నేర్పాలి. వల లేని రింగులో పడిన బంతి కూడా వేగం తగ్గకుండా పక్కకు దూసుకుపోతుంది. నైలాన్ వల కొనడం పెద్ద ఖర్చు కాదు. మన ఎండకు ఏడాదిలో పెళుసెక్కి తెగిపోతుంది, ఏటేటా మార్చుకోవాలి, అంతే.

రెండు కాళ్లతో ఎగరాలి, రెండు చేతులతో పట్టాలి, దిగగానే బంతిని గడ్డం కింద దాచుకోవాలి. నడుము దగ్గరికి దించితే ఎదుటి జట్టులో పొట్టివాడు వచ్చి కొట్టేస్తాడు. ఇక్కడితో పని అయిపోయిందనుకోవడం ఇంకో తప్పు. కైనాన్ జట్టుతో మ్యాచ్ చివరి క్షణాల్లో, రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, సకురాగి ప్రాణం పెట్టి రీబౌండ్ పట్టి, అకాగి అనుకుని ఎదుటి జట్టువాడికి పాస్ ఇస్తాడు. 90–88తో ఓడిపోతారు, వీడు గుండు గీయించుకుంటాడు. పట్టాక ముందు తిరగడం, తర్వాత చూడటం, ఆ తర్వాతే పాస్. అదీ రింగు కింద నుంచి నడిమధ్యకు కాకుండా పక్క గీత వైపుకు. రీబౌండ్ నేర్పే రోజే ఈ పాస్ కూడా నేర్పకపోతే సగం పనే నేర్పినట్టు.

షాట్ సంగతికొస్తే, జాతీయ పోటీలకు ముందు కోచ్ అన్జాయ్ సకురాగి చేత 20,000 షాట్లు వేయిస్తాడు. ఈ అంకె పట్టుకుని పిల్లలు పందేలు కాస్తారు కాబట్టి చెప్తున్నా. బంతి తెచ్చిచ్చేవాడు ఒకడుండి, 12 సెకన్లకు ఒకటి చొప్పున వేస్తే గంటకు 300. 20,000కు దాదాపు 67 గంటలు. బడి వదిలాక ముప్పావు గంట దొరికే పిల్లవాడికి రోజుకు 150 చాలు, నాలుగున్నర నెలల్లో అంకె పూర్తవుతుంది. అలసిపోయాక వేసే షాట్లతో నష్టమే గానీ లాభం లేదు. మోకాళ్లు వంగడం మానేస్తాయి, ఆ లోటు భుజం తీరుస్తుంది, చెయ్యి తప్పుడు దారికి అలవాటు పడుతుంది. ఇక్కడ మెచ్చుకోవాల్సింది అన్జాయ్ తీరు. ముందు సకురాగి షాట్‌ను వీడియో తీసి వాడికే చూపిస్తాడు. తన షాట్ ఎంత అందంగా ఉందోనని మురిసిపోయే కుర్రాడు అది చూసి నీరుగారిపోతాడు. అప్పట్లో దానికి కెమెరా కావాల్సి వచ్చింది, ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. నడుము ఎత్తున, షాట్ వేసే చేతి పక్కనుంచి తీయాలి. ముందు నుంచి తీస్తే మోచెయ్యి ముందుకు జారడం కనిపించదు.

ఆ పుస్తకం చదివిన ప్రతివాడికీ గుర్తుండే సూచన ఒకటుంది: ఎడమ చెయ్యి ఊరికే ఆన్చి ఉంచాలి. బంతి కుడిచేతి వేళ్ల మీద నిలుస్తుంది, అరచేతి గుంటలో కాదు. మోచెయ్యి బంతి కిందికి రావాలి. ఎడమ చెయ్యి పక్కన ఆనుకుని ఉండి, వదిలే వేళకు తప్పుకోవాలి. ఎడమ బొటనవేలు నెట్టిందా, బంతి పక్కకు తిరుగుతూ పోతుంది. పదేళ్ల పిల్లవాడి చేతికి ఏడో నంబరు (పెద్ద మగవాళ్ల సైజు) బంతి ఇస్తే ఆ బొటనవేలు నెట్టక మానదు, బరువు అలాంటిది. 12 ఏళ్ల లోపు వాళ్లకు ఐదో నంబరు, ఆ పైబడిన ఆడపిల్లలకు ఆరో నంబరు బంతి. రెండు మీటర్ల దూరంలో మొదలుపెట్టి, పదింటికి ఆరు పడ్డాకే ఒక అడుగు వెనక్కి వెళ్లాలి.

లే-అప్‌ను సకురాగి సామాన్యుల షాట్ అని ఈసడిస్తాడు, తర్వాత అదే రాక అవస్థ పడతాడు. బంతిని బోర్డుకేసి కొట్టకుండా అక్కడ పెట్టి రావాలన్నది కీలకం. కుడి పక్కనుంచి వచ్చేటప్పుడు కుడికాలు పొడుగ్గా, ఎడమకాలు పొట్టిగా వేసి పైకి లేవాలి. బోర్డు మీద చతురస్రం గీత ఉంటుంది కదా, దాని దగ్గరి పై మూల గురి. ఎడమకాలూ పొడుగ్గా పడితే మనిషి ముందుకు పోతాడే గానీ పైకి లేవడు. ఇంటి ముందు బేతంచెర్ల నాపరాళ్ల మీద డ్రిబ్లింగ్ చేసుకోవచ్చు, అతుకుల దగ్గర బంతి పక్కకు పోతుంటే చెయ్యి మరింత చురుకవుతుంది. లే-అప్ మాత్రం అక్కడ వద్దు, కాలు జారుతుంది.

ఎదుటివాడి ఫౌల్‌కు బదులుగా దక్కే ఫ్రీ త్రోను సకురాగి రెండు చేతులతో కిందినుంచి పైకి విసరడం చూసి పిల్లలు నవ్వుతారు. అమెరికాలో రిక్ బ్యారీ అనే ఆటగాడు తన వృత్తి జీవితమంతా అలాగే వేసి దాదాపు 90 శాతం సాధించాడు.

పుస్తకం చూసి నియమాలు నేర్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో ఉన్నవి 1990ల నాటి నియమాలు. మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. 2000లో అంతర్జాతీయ సమాఖ్య దాన్ని 10 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేసింది. షాట్ వేయడానికి 30 సెకన్లుండేది 24 అయింది. సొంత సగం దాటడానికి 10 సెకన్లుండేది 8కి దిగింది. ఈ చివరి మార్పు చిన్నది కాదు. జాతీయ పోటీల్లో ఎదురయ్యే సన్నో జట్టు రెండో భాగం మొదట్లో జోన్ ప్రెస్ వేసి, అంటే షొహొకు సొంత సగంలోనే చుట్టుముట్టి, వాళ్లను ఊపిరాడకుండా చేసే ఘట్టం ఉంది కదా, ఇప్పటి నియమంతో ఆ ఉచ్చు ఇంకా బిగుస్తుంది. రింగు ముందు గీసే ట్రాపెజియం 2010లో పోయి 4.9 మీటర్ల వెడల్పు దీర్ఘచతురస్రం వచ్చింది. మూడు పాయింట్ల గీత 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది. షొహొకు ఆటగాడు మిత్సుయి ఆ పాత గీతకు ఆనుకుని బయట నిలబడి వేసినవి ఇవాళ రెండేసి పాయింట్లే. మన వైపు సిమెంటు కోర్టుల మీద పాత ట్రాపెజియం ఉంటే రంగు వేసే ముందు సరిచూసుకోవాలి. చొక్కా నంబర్లు 4 నుంచి 15 దాకానే ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. 1, 2, 3 రిఫరీ వేళ్లతో చూపే సైగలతో కలిసిపోతాయని అప్పట్లో వాడేవాళ్లు కాదు. 2017 నుంచి, పరుగులో బంతి పట్టినప్పుడు నేల మీదున్న కాలిని లెక్కలో వేయరు, ఆ తర్వాత రెండడుగులు వేయొచ్చు. పుస్తకంలో ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అడుగులు ఎక్కువ వేయడం) అన్నవి కొన్ని ఇప్పుడు కావు.

చదివే తీరు కూడా మీ పేజీలో చెప్పాల్సింది. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మనకు వెనక అట్ట అనిపించేదే దానికి ముఖం. ఎవరైనా తెలుగులో వేయాలనుకుంటే బొమ్మలను అద్దంలోలా తిప్పేయొద్దని మనవి. తిప్పితే కుడిచేతి ఆటగాళ్లంతా ఎడమచేతి వాళ్లవుతారు, చొక్కాల మీద నంబర్లు అటూ ఇటూ తిరగబడతాయి, ఎడమ చెయ్యి ఆన్చమని మాట చెప్తుంటే బొమ్మలో కుడిచెయ్యి ఆనుతుంది. జపాన్ మాటల బుడగలు నిలువు రాతకు తగ్గట్టు సన్నగా పొడుగ్గా ఉంటాయి. ‘పట్టుకోలేకపోతున్నాడు’ లాంటి మన మాట అందులో ఒక వరుసలో ఇమడదు. వత్తులకు, గుడులకు చోటు వదిలితే వరుసల మధ్య ఎడం పెరుగుతుంది. పొట్టి మాటలు వెతుక్కోవాల్సిందే. సన్నో మ్యాచ్ ముగింపులో ఆ బెడద లేదు. చివరి క్షణాలు మాటల్లేకుండా బొమ్మలతోనే నడుస్తాయి, 79–78. ఆ షాట్ డంక్ కాదు. జట్టులోని రుకావా పాస్ ఇస్తే, సకురాగి ఎడమ చెయ్యి ఆన్చి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వేసిన మామూలు జంప్ షాట్.

అదే మ్యాచ్‌లో గీత దాటుతున్న బంతి కోసం దూకి సకురాగి నడుము దెబ్బతింటుంది, అయినా ఆడతాడు. కథగా అది రోమాలు నిక్కబొడుచుకునే ఘట్టం. గ్రౌండులో మాత్రం వీపు పట్టేసిన పిల్లవాణ్ణి ఆ నిమిషమే కూర్చోబెట్టాలి. కథలోనూ వాడు చివరికి కనిపించేది కోర్టులో కాదు, వైద్యంలో. మన దగ్గర నేల సిమెంటు, బూట్లు పలచన. సకురాగిలా దుకాణదారును బెదరగొట్టి 30 యెన్లకు మంచి బూట్లు తెచ్చుకునే వీలు అందరికీ ఉండదు. రోజుకు 40 ఎగుర్లు దాటనివ్వొద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నరకల్లా ఆపేయాలి.

గ్రంథాలయాల వాళ్లు, బళ్లవాళ్లు కొనాలనుకుంటే ఒక మాట. ఇంగ్లిష్‌లో 31 సంపుటాలూ వచ్చాయి. డబ్బు చాలక మొదటి రెండు మూడు కొని ఊరుకుంటే పిల్లలకు దక్కేది కొట్లాటలే, ఆట మెల్లగా గానీ మొదలవదు. మొత్తం కొనలేకపోతే సన్నో మ్యాచ్ ఉన్న 25 నుంచి 31 దాకా కొనండి. కథ ముందు భాగం తెలియకపోయినా బాక్స్ అవుట్ ఎలా వేయాలో ఆ బొమ్మల్లో కాళ్లు చూస్తే తెలుస్తుంది.

ఇట్లు,
బాస్కెట్‌బాల్ నేర్పే ఒక పాఠకుడు,
కర్నూలు